సంధ్య చార్ట్‌లో నా మాట

దయ్యాలు, సూచనలు, పోయినవాళ్లు కలలో కనబడి చెప్పడాలు... ఎవరైనా ఇవి మొదలుపెడితే నాకు ఒళ్లు మంట. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కళ్లతో చూసిన బగ్‌నైనా మళ్లీ రప్పించి చూస్తే గానీ నమ్మను. ఇది మాత్రం మళ్లీ రాలేదు.

కాల్గరీలో మా టీమ్ పని ఏంటంటే, ప్రావిన్స్‌లో, అంటే ఇక్కడి రాష్ట్రంలో, ఎవరు ఏ ఫార్మసీలో మందు తీసుకున్నా ఒక డేటాబేస్‌లో పడుతుంది. డాక్టర్ విడిగా లాగిన్ అయ్యి వెతుక్కోకుండా అవన్నీ పేషెంట్ చార్ట్‌లోనే కనబడాలి. పడని మందు రాయబోతే ఎర్ర గడిలో హెచ్చరిక రావాలి.

టెస్టింగ్ కోసం లేని పేషెంట్లను తయారుచేస్తాం. నేనో ముసలాయన్ని తయారుచేసి, సల్ఫా రకం యాంటీబయాటిక్ మందులు పడవని పెట్టా. కింద వివరం రాయకపోతే సేవ్ కాదు. ఏదో ఒకటి కొట్టాలి కదా అని "వాళ్లమ్మను అడగండి" అని ఇంగ్లిష్‌లో కొట్టా. ఆ వయసాయనకి ఇంకా అమ్మేంటని పక్క సీటతను నవ్వాడు కూడా.

అప్పట్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే. మా కింద అద్దెకున్న సంధ్య నల్లగొండ అమ్మాయి. కాలేజీ అయ్యాక స్టోర్‌లో క్యాష్ కౌంటర్. షిఫ్ట్ మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగేది కాదు, పిచ్చిపిల్ల. చివరికి జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్. "అక్కా, నువ్వు కూడా రావా" అంటే మధ్యాహ్నం, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్‌కి తీసుకెళ్లా. మా సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టిన క్లినిక్ అది.

అలర్జీలున్నాయా అని డాక్టరమ్మ అడిగితే లేవంది. ఈ దేశం వచ్చాక తను ఒక్క మందూ కొనలేదు. డాక్టరమ్మ యాంటీబయాటిక్ పేరు టైప్ చేసి ఆగింది. స్క్రీన్ మా వైపు తిప్పింది. ఎర్ర గడి. సల్ఫా పడదు. కింద, వాళ్లమ్మను అడగండి.

వంగి మళ్లీ చదివా, నేను కొట్టిన మాటే. సంధ్య అప్పటికే ఇంటికి ఫోన్ చేస్తోంది. నల్లగొండలో తెల్లవారుజాము. వాళ్లమ్మ నిద్రలోంచి లేచి విషయం వింది.

"చిన్నప్పుడు ఆ మందేస్తే ఒళ్లంతా ఉబ్బింది, ఊపిరాడలే. సల్ఫా జన్మల ఇయ్యొద్దన్నడు డాక్టర్. చెప్తే భయపడ్తవని చెప్పలే బిడ్డా" అని ఏడ్చేసింది.

డాక్టరమ్మ వేరే మందు రాసింది. ఇంటికొచ్చేదాకా సంధ్య నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు ఆఫీసులో అంతా చెప్పేశా. దొంగ డేటా నిజం పేషెంట్ చార్ట్‌లోకి పోవడం చిన్న తప్పు కాదు, నా ఉద్యోగం పోతుందనే అనుకున్నా. ఏది ఎక్కడికి వెళ్లిందో సిస్టమ్ రాసుకునే లాగ్స్ మొత్తం తిరగేశాం. టెస్ట్ సిస్టమ్ నుంచి ఆ క్లినిక్‌కి దారే లేదు. సంధ్య చార్ట్‌కి ఏ హెచ్చరికా వెళ్లినట్టు లేదు. వాళ్లమ్మ చెప్పాక డాక్టరమ్మ చేత్తో ఎక్కించిన అలర్జీ ఒక్కటే ఉంది.

పోనీ, ఎక్కడో లీకైందనే అనుకుందాం. అన్ని చార్టులుండగా ఈ పిల్ల చార్ట్‌లోకే ఎందుకొచ్చింది? నేను ఊసుపోక పెట్టింది నిజమెలా అయింది?

ప్రాజెక్ట్ అయ్యాక టెస్ట్ పేషెంట్లందర్నీ డిలీట్ చేయమన్నారు. చేశా. ఆ ముసలాయన దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి రాలేదు.