మూడో టేబులు అధ్యక్షురాలు

పదకొండేళ్ళుగా ఆ రొయ్యల ప్లాంటులో ప్రభావతిని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. మూడో టేబులు దగ్గర రొయ్యలు వలిచే ఆమె మేనేజరు శ్యాంబాబుకు ఉత్త మూడో టేబులమ్మ. అలాంటిది, ఫిబ్రవరిలో ఒక సోమవారం అతను ఆమెను తన గదికి పిలిపించి, "కూర్చోండి ప్రభావతిగారూ" అన్నాడు.

ఆ 'గారు' విని కూడా ఆమె కూర్చోలేదు.

"మీ బాగోగులు చూడ్డానికి కంపెనీయే కమిటీ వేసింది. మీరే ప్రెసిడెంటు. ఏ ఇబ్బందున్నా మీరొచ్చి నాకు చెప్పండి. బయటి యూనియన్లతో పనేముంది?" అంటూ ఒక కాగితం చేతికిచ్చాడు.

"నన్నెందుకండీ?"

"మీరు నెమ్మదస్తులు కదా."

బయటి యూనియన్ల మాట ఇతని దాకా ఎలా వచ్చింది? పొద్దస్తమానం ఐసునీళ్ళలో రొయ్యలు వలిచి చేతులు పాసిపోతున్నాయి. గట్టి గ్లవుజులు ఇప్పించమని యూనియన్‌వాళ్ళను కలుద్దామని అనుకున్నమాట నిజమే. అదీ కంపెనీ బస్సులో, వెనక సీట్లో, ముగ్గురు మాత్రమే అనుకున్నారు: తనూ, రావమ్మా, ఎస్తేరూ.

మర్నాటి నుంచి ఆమె వెళ్ళి కూర్చుంటే అన్నాల దగ్గర మాటలు ఆగిపోయేవి. చివరికి రావమ్మే అనేసింది. "నువ్వు చేరవేయబట్టే కదొదినా నీకా పదవి?"

"నేననుకున్నదీ అదే. నువ్వు చేరవేశావేమోనని."

ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు, శనివారం దాకా. ఆ రోజు మాత్రం ప్రభావతి మనసాగక, మర్నాడు ప్రార్థనయ్యాక గుడివాడ వెళ్తున్నానని రావమ్మకు చెప్పింది.

గుడివాడలో తోమాసుగారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ క్రైస్తవ సంఘానికి పెద్ద. ప్రభావతి చెప్పిన బస్సు సంగతి విని, ఆమె తెచ్చిన కాగితం రెండుసార్లు చదివి అద్దాలు తీశారు.

"మీ రొయ్యలెక్కడికి పోతాయమ్మా?"

"అమెరికాకండీ మావయ్యగారూ. అట్టపెట్టెల మీద ఉంటది."

"ఈ కాగితంలోని ఎత్తుగడ కూడా అక్కడిదే. కొలరాడో అని ఒక రాష్ట్రం. బొగ్గుగనుల్లో సమ్మె చేసినవాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయిస్తే గుడారాలేసుకున్నారు. 1914లో ఆ గుడారాల మీద కాల్పులు జరిగి, మంటలంటుకుని, ఆడవాళ్ళూ పసిపిల్లలూ పోయారు. మరుసటేడు ఆ కంపెనీయే కార్మికులకో కమిటీ పెట్టింది. చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. యజమాని నడిపే సంఘం చెల్లదని చట్టం రావడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది."

"అప్పటిదాకా ఊరుకున్నారా అండీ?"

"ఊరుకోలేదు. అందుకే కంపెనీలు వాళ్ళ మధ్య వేగుల్ని పెట్టాయి. కొన్నిచోట్ల సంఘం కార్యదర్శే కంపెనీ మనిషి." ఆయన ఆగి అడిగారు. "బస్సులో ఎవరెవరున్నారు ఆ రోజు?"

ప్రభావతి కాగితం మడిచేసింది. ఈయనకు పేర్లెందుకు? "గుర్తులేదండీ."

తోమాసుగారు నవ్వారు. "మంచిది. నాకూ చెప్పకు. మీటింగులో రెండే రెండు అడుగు. మిమ్మల్ని ఎన్నుకున్నదెవరు? మేనేజరు లేకుండా మీరు కూర్చుని మాట్లాడుకోవచ్చా?"

కమిటీ మొదటి మీటింగులో ఆమె ఆ రెండూ అడిగింది. శ్యాంబాబు నవ్వు చెరగలేదు.

"గుడివాడ వెళ్ళొచ్చారట?"

ఆ సంగతి ఆమె రావమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కానీ రావమ్మ ఇంకెవరితో అందో? బస్టాండులో ఎవరు చూశారో? ఆలోచించేకొద్దీ ప్రతి ముఖమూ అనుమానంగానే కనిపించింది. చివరికి ఆ కాగితాన్ని అతని బల్ల మీదే వదిలేసి వచ్చింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నిలబడి, "నన్ను మీరెన్నుకోలేదు. ఎవరు కావాలో ఇప్పుడు రాయండి. నా పేరే రాయక్కర్లేదు" అంది. చీటీలు రాసి ఖాళీ క్యారేజీలో వేశారు. ఎస్తేరుకు ముప్పై ఎనిమిది వచ్చాయి. ప్రభావతికి నాలుగు. తను కూడా ఎస్తేరు పేరే రాసినా, ఆ నాలుగు చూసి ఆమెకు కళ్ళు చెమర్చాయి. తనను నమ్మినవాళ్ళు ఆ నలుగురేనన్నమాట.

ఏప్రిల్లో మచిలీపట్నం వెళ్ళి యూనియన్‌లో చేరడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆఫీసు వరండాలో రావమ్మ తనకంటే ముందు సంతకం చేస్తుంటే ప్రభావతి ఆమె చేతినే చూస్తూ నిలబడింది. పాసిపోయిన వేళ్ళు, అచ్చం తన వేళ్ళలాగే. నువ్వేనా అని అడగాలనిపించింది. అడగలేదు. కలం అందుకుని ఆ పేరు కింద తన పేరు రాసింది.

జూన్‌లో గ్లవుజులొచ్చాయి. చేరవేసిందెవరో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.