తూర్పుకి గీసిన కళ్ళు

ఏళ్ళ తరబడి ఈ మాటని గొంతులోనే ఆపుకుని తిరుగుతున్నాను. ఆఫీసులో నవ్వుతూ, అమ్మతో వీడియో కాల్‌లో కబుర్లు చెప్తూ. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్తున్నాను. క్షమించమని మాత్రం అడగను.

మా అక్క అస్థికలు నేను దొంగిలించాను. ఒక గుప్పెడు.

అక్క ఇక్కడే, సింగపూర్ యూనివర్సిటీ ఒకదాంట్లో, పాత ఈజిప్టు శవపేటికల మీది బొమ్మల గురించి పరిశోధన చేసేది. పెళ్ళి చేసుకోలేదు. టోవా పాయోలో నా ఫ్లాట్‌లోనే ఉండేది. అన్నం తింటూ కూడా అవే కబుర్లు. ఆ కాలపు ఈజిప్టువాళ్ళు పేటికకి ఒక పక్కన రెండు కళ్ళు గీసేవాళ్ళట, లోపల పడుకున్న మనిషి వాటిలోంచి పొద్దు పొడవడం చూడాలని. ఒళ్ళు మిగలాలి, పేరు మిగలాలి, అప్పుడే మనిషి మిగిలినట్టని వాళ్ళ నమ్మకం. "నువ్వూ నమ్ముతావా?" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేది.

జబ్బు ముదిరాక నవ్వలేదు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ మంచం పక్కన కూర్చుని ఉండగా, "అమ్మా, నన్ను కాల్చొద్దు. పూడ్చండి," అంది.

అమ్మ చప్పున అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అవేం మాటలే! మనింట్లో ఎవరినైనా పూడ్చామా?"

అక్క నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవే."

"చూద్దాంలే అక్కా," అన్నాను.

చూద్దాంలే! పోతున్న మనిషితో అనే మాటేనా అది? ఈ ఊళ్ళో పూడ్చినా చోటు చాలక కొన్నేళ్ళకి తవ్వి తీసేస్తారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మండాయ్ శ్మశానంలో దహనం చేశారు. పక్కనే నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. మర్నాడు ట్రేలో ఎముకలు మా ముందు పెట్టారు. ఏరుతుంటే అమ్మకి కళ్ళు తిరిగాయి. బయట కూర్చోబెట్టి వచ్చి, కొన్నిటిని రుమాల్లో మూటగట్టాను. ఇంట్లో అక్క తన చేత్తో రంగులేసుకున్న చెక్కపెట్టె ఉంది, ఆ పేటికల్లాగే ఒక పక్కన కళ్ళు గీసినది. అందులో పెట్టి, అడుగున అక్క పేరు రాసి, ఆ కళ్ళు తూర్పు కిటికీని చూసేలా పుస్తకాల అరలో ఉంచాను.

మిగతావి అమ్మ గోదావరిలో కలిపింది. పడవలో అడిగింది, "అన్నీ ఉన్నాయి కదే?"

"అన్నీ ఉన్నాయమ్మా."

కిందటేడు అమ్మ మళ్ళీ వచ్చింది. ఇల్లు దులుపుతూ ఆ పెట్టెని చీరకొంగుతో తుడిచి, ఎంత బాగా వేసిందో అని ముద్దుపెట్టుకుంది. నేనే అందుకుని మళ్ళీ తూర్పుకి తిప్పి అరలో పెట్టేశాను. ఎముకలున్న ఇంట్లో తనచేత రోజూ దేవుడికి దీపం పెట్టించానని తెలిస్తే నన్ను మళ్ళీ దగ్గరికి తీసుకుంటుందా? అక్క కలలోకి వస్తోందని, మనం ఏమైనా తక్కువ చేశామా అని ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది. లేదమ్మా అంటాను. అమ్మ మనశ్శాంతిని నేనే లాక్కున్నానా? లాక్కునే ఉంటాను.

అయినా తిరిగివ్వను. అక్క ఒళ్ళు అక్కది. దొంగతనమంటారా, అనండి. పాపమంటారా, అనండి. మళ్ళీ ఆ ట్రే ముందు నిలబెడితే రెండు గుప్పెళ్ళు తీస్తాను. దానికి నాకు సిగ్గు లేదు. అక్కకి ఇంకా ఊపిరి ఉండగా, అమ్మ ఎదురుగా, నోరు తెరవలేకపోయానే, సిగ్గు దానికి. అది ఒప్పుకోలేకే ఇన్నాళ్ళూ దొంగతనాన్ని మోస్తున్నానేమో.

అమ్మకి ఎప్పటికైనా చెప్తానో లేదో. మీకైతే చెప్పేశాను.