మొండయ్య పోసిన మంచినీళ్ళు

ఆ బుధవారం నుంచి మొండయ్య ఒకచోట నిలవలేదు. అరబ్బు దేశంలో, ఖతీఫ్ తీరాన మడ మొక్కలు పెంచే నర్సరీలో రెండు నారుమళ్ళు ఉన్నాయి. ఒకటి సముద్రపు పోటు రోజూ వచ్చి తడిపి పోయే పాత మడి. రెండోది గట్టు మీద, నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో పద్దెనిమిది వందల మొక్కలతో ఉన్న కొత్త మడి. దీని దగ్గర నుంచి దాని దగ్గరికి, దాని దగ్గర నుంచి దీని దగ్గరికి ఎన్నిసార్లు తిరుగుతున్నాడో అతనికే తెలియడం లేదు. టీ పోసుకుంటాడు, తాగకుండా లేస్తాడు.

శనివారం పండగ. ఊళ్ళోని పర్యావరణ సంఘం, చేపల మార్కెట్ వాళ్ళు, బేకరీల వాళ్ళు, జ్యూస్ దుకాణాల వాళ్ళు ఏడాదికొకసారి కుటుంబాలతో తీరానికి వస్తారు. అందరూ బురదలో దిగి మడ మొక్కలు నాటుతారు. ఆ తర్వాత అక్కడే వంటలు, పడవ పందాలు. ఈసారి నాటవలసినవి కొత్త మడిలోని మొక్కలు. నాటితే అవి బతకవని మొండయ్యకు బుధవారం పొద్దున తెలిసింది.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు మొండయ్య. జుబైల్‌లో పదకొండేళ్ళు ఇనుప పరంజాలు కట్టాడు. ఒకరోజు మూడో అంతస్తు ఎత్తు నుంచి జారాడు. మోకాలిలో మేకు వేశారు. కాలు వంగుతుంది కానీ నిచ్చెన ఎక్కనివ్వదు. ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, పర్యావరణ సంఘం కోసం కంపెనీ నడిపే ఈ నర్సరీకి అతన్ని పంపుతూ ఒకే మాట చెప్పాడు. మొక్కలు బాగున్నంత కాలం ఇక్కడ. లేకపోతే మళ్ళీ జుబైల్. అదీ కుదరదంటే ఫైనల్ ఎగ్జిట్, వీసా తీసేసి ఇంటికే.

వచ్చిన మొదటిరోజు సంఘం పెద్ద అబూ మెహదీ చెయ్యి ఊపుతూ "గుర్మ్, గుర్మ్" అన్నాడు. మడ మొక్కకు అక్కడి పేరు అది. మొండయ్య గుర్రం కోసం చుట్టూ చూశాడు. ఆ సంగతి నీళ్ళ ట్యాంకరు తోలే జిలానీకి తెలిసి, నెల రోజులు "మీ గుర్రాలు మేసినాయా న్నా?" అని అడిగేవాడు. అబూ మెహదీకి మొండయ్య పేరు నోరు తిరగదు. "మందీ" అంటాడు, మాంసం వేసి వండే అన్నం పేరుతో. "ఆ ముసలాయన నిన్ను పిలిచినప్పుడల్లా నాకు ఆకలేస్తాది" అనేవాడు రాయచోటి జిలానీ.

అబూ మెహదీ ఒకప్పుడు చేపలు పట్టేవాడు. రెండు నెలల క్రితం కంటి ఆపరేషన్‌కు దమ్మామ్ వెళ్తూ కొత్త మడి దగ్గర ఆగాడు. కొత్త మడికి సముద్రపు నీళ్ళు తోడే పంపు ఉన్న కాలువలో ఆ రోజుల్లో మురుగు కలుస్తోంది. నీళ్ళు వాసన చూసి ముఖం చిట్లించి, మొక్కల వైపు వేలు చూపించి, "మందీ, మోయా జైన్. కుల్లు యోమ్" అన్నాడు. మోయా అంటే నీళ్ళు. జైన్ అంటే మంచి. ప్రతిరోజూ మంచి నీళ్ళు.

మొండయ్య మనసు కుదుటపడింది. అతనికి మొదటి నుంచీ ఒక బాధ ఉండేది. వాళ్ళ పొలంలో ఒక మూల చౌడు. ఉప్పు తేలి తెల్లగా ఉండే ఆ ముక్కలో తండ్రి ఎన్ని బండ్ల పేడ తోలినా గడ్డి మొలవలేదు. అలాంటిది ఇక్కడ లేత మొక్కలకు సముద్రం నీళ్ళు పోయడం అతనికి పాపంలా ఉండేది. చివరికి పెద్దాయనకు జాలి కలిగిందనుకున్నాడు. సముద్రపు ఒడ్డున కార్నిష్ పార్కుకు నీళ్ళు తోలే జిలానీని అడిగి, రోజూ పొద్దున ట్యాంకరు ఆపించి, రెండు నెలలు కొత్త మడికి మంచినీళ్ళు పోశాడు. తాగే నీళ్ళు.

మొక్కలు నిగనిగలాడాయి. పాత మడి వాటికంటే జానెడు ఎత్తు పెరిగాయి.

ఆదివారం సంఘం వాళ్ళు వాటిలో ఇరవై తీసి, శనివారం నాటవలసిన చోటు గుర్తు కోసం తీరం బురదలో నాటి కర్రలు పాతారు. బుధవారానికి ఇరవై మొక్కల ఆకులూ కాలినట్టు నల్లబడి ముడుచుకున్నాయి. పక్కనే అదే నీళ్ళలో పాత మడి మొక్కలు పచ్చగా నిలబడి ఉన్నాయి. మొండయ్య చాలాసేపు చూశాడు. పాత మడి ఆకు ఒకటి తెంపి, ఏదో తోచి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. ఆ మొక్క తాగిన ఉప్పును ఆకు మీదికి నెట్టేస్తోంది. గట్టెక్కి కొత్త మడి ఆకు నాకాడు. చప్పగా ఉంది. ఉప్పును ఎలా నెట్టాలో దానికి ఎవరూ నేర్పలేదు.

జిలానీ వచ్చేసరికి మొండయ్య గొట్టం పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఇయ్యాల నీళ్ళద్దు భాయ్."

"ఏమైంది న్నా?"

మొండయ్య చెప్పాడు. జిలానీ రెండు ఆకులూ నాకి చూసి ఉమ్మేశాడు.

"గమ్మునుండు. నాటినాక గదా సచ్చేది. ఎండకు పోయినాయంటారు, ఎండ్రకాయలు కొరికినాయంటారు. నిన్నెవురడగతారు?"

"నన్నెవలు అడగకపోతే నన్ను నేనే అడుక్కుంట గద."

"అడుక్కుంటా జుబైల్‌కి పో. ఆ కాలేసుకోని పరంజా ఎక్కు."

"పిల్లలు నాటుతరు భాయ్. సంచి సంచికి పేరు రాసుకుంటరట. ఆళ్ళు మల్లొచ్చి సూడరా?"

జిలానీ ట్యాంకరు ఎక్కాడు.

మధ్యాహ్నం కంపెనీ ఆఫీసు నుంచి అఫ్షాన్ ఫోన్ చేసింది. పండగ ఏర్పాట్లలో కంపెనీ తరఫున చూసేది ఆమే. "మొండయ్యగారూ, కొత్త బెడ్ ఫోటో ముదీర్‌కి చాలా నచ్చింది. బ్యానర్ మీద అదే వేయిస్తున్నాం. లెఫ్ట్ కార్నర్‌లో మీరు కూడా ఉన్నారు. కొంచెం నవ్వాల్సింది."

"అది ఎయ్యకుండ్రి మేడమ్."

"అరే, ప్రింటింగ్‌కి వెళ్ళిపోయింది. ఎందుకు?"

ఎందుకో చెప్పడానికి నోరు తెరిచి, "ఉట్టిగనే" అని పెట్టేశాడు. గురువారం మొక్కల మధ్య నడుస్తూనే గడిపాడు. పరంజా గొట్టాల చప్పుడు చెవుల్లో వినిపించసాగింది. మోకాలు పట్టేసేది, అయినా నడిచేవాడు.

శుక్రవారం అబూ మెహదీ నల్లకళ్ళద్దాలతో వచ్చాడు. కొత్త మడి చూడగానే చేతులు రెండూ చాచాడు. మొండయ్య ఆయనకు సలాం చెప్పి, రెండు ఆకులు చేతిలో పెట్టి, నాకమని సైగ చేశాడు. ఆయన నవ్వుతూనే నాకాడు. రెండో ఆకు దగ్గర నవ్వు ఆగింది.

"ఏం నీళ్ళు పోశావు?" వచ్చీరాని ఉర్దూలో అడిగాడు.

"మీరు చెప్పినవే. మోయా జైన్. ట్యాంకరువి." మొండయ్యదీ వచ్చీరాని ఉర్దూయే.

"జైన్ అన్నాను. హిలూ అనలేదు. తియ్యటి నీళ్ళని ఎవరన్నారు?"

"మా దిక్కు తాగే నీళ్ళనే మంచినీళ్ళంటరు."

అబూ మెహదీ అద్దాలు తీసి కళ్ళు నెమ్మదిగా తుడుచుకున్నాడు. "మాకు మంచి నీళ్ళంటే పోటు నీళ్ళు. కాలువ మురుగు కాకుండా, పోటెక్కినప్పుడు తోడమన్నాను." కొంచెం ఆగి అన్నాడు. "నోరు నాది, చెవి నీది. తప్పు చెరి సగం. కానీ రేపు నాటితే నీ సగం, నా సగం కలిపి బురదలోకి పోతాయి."

శనివారం బ్యానర్ కట్టారు. ఎడమ మూల మొండయ్య నవ్వకుండా ఉన్నాడు. నాలుగు వందల మంది దాకా వచ్చారు. అబూ మెహదీ మైకులో జరిగింది జరిగినట్టు చెప్పాడు. మొండయ్యను పక్కన నిలబెట్టుకుని మరీ చెప్పాడు. అరబ్బీలో ఏ మాటకు జనం తనవైపు చూస్తున్నారో తెలియక మొండయ్య తన బూట్ల వైపు చూసుకున్నాడు. కొందరు నవ్వారు. తర్వాత పిల్లలంతా రెండు మళ్ళ మధ్యా పరుగెత్తి ఆకులు నాకడం మొదలుపెట్టారు. వాళ్ళ వెనక తల్లులు, తండ్రులు.

ఆ రోజు బురదలో నాటినవి పాత మడిలోని మూడు వందలే. మిగిలిన పనంతా కొత్త మడి దగ్గర జరిగింది. మొక్కలకు ఉప్పు కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. చేపల వాళ్ళు తమ నీలం డ్రమ్ములు కడిగి తెచ్చారు. జ్యూస్ దుకాణం వాళ్ళు కొలత జగ్గులు తెప్పించారు. బేకరీ యజమాని రొట్టెల ట్రేల్లో సంచులు పేర్చి, నెత్తిన పెట్టుకుని డ్రమ్ముల పక్కకు మోశాడు. ఏ వరుసకు ఎన్ని రోజులు ఎన్ని నీళ్ళు పోశాడో మొండయ్య చెబుతుంటే ఒక టీచరమ్మ రాసుకుంది. మొదట సముద్రం నీళ్ళు ఒక పాలు, తియ్యటివి మూడు పాళ్ళు. నలభై రోజుల్లో పూర్తిగా ఉప్పునీళ్ళకు రావాలి.

ముదీర్ కూడా వచ్చాడు. బ్యానర్ చూశాడు, మొండయ్యను చూశాడు, భోజనానికి ఆగకుండా కారెక్కాడు. సాయంత్రం అఫ్షాన్ ఫోన్ చేసింది. "సోమవారం ఆరింటికి జుబైల్ బస్ మొండయ్యగారూ. నేను చెప్పి చూశాను. సారీ."

సోమవారం పొద్దున మొండయ్య బ్యాగు భుజాన వేసుకుని నర్సరీ ముందు రోడ్డు మీద నిలబడ్డాడు. నిలబడలేక గేటు దాకా వెళ్ళి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఎక్కేశారా?" అఫ్షాన్.

"ఎక్కుతున్న."

"ఎక్కొద్దు. సంఘం నుంచి లెటర్ వచ్చింది. నీళ్ళ లెక్క మీకే తెలుసట, మిమ్మల్ని మారిస్తే కంపెనీ వర్క్ బిల్లు మీద సైన్ చెయ్యరట. ముదీర్ ఓకే అన్నారు. కానీ ఫార్టీ డేస్ మాత్రమే."

"నలభై దినాలయినంక?"

"అప్పుడు మొక్కల్ని బట్టి అన్నారు."

మొండయ్య డ్రైవరుకు వెళ్ళమని చెయ్యి ఊపాడు. బస్సు జుబైల్ వైపు సాగిపోయింది. కనుమరుగయ్యే దాకా చూశాడు, అది వెనక్కి తిరిగి వస్తుందేమో అన్నట్టు. జిలానీ ట్యాంకరు ఆపి కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఇయ్యాల ఎన్ని పాళ్ళు న్నా?"

"మూడు నీయి. ఒకటి సముద్రంది" అన్నాడు మొండయ్య. బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే, కుంటుకుంటూ డ్రమ్ముల వైపు నడిచాడు.