గాలి పీల్చే పెట్టె

కొత్త వస్తువు కంటపడితే మా అత్తయ్య చేతులు ఊరుకునేవి కావు. సాయంత్రానికల్లా దానికో తొడుగు తయారు. టీవీ రిమోట్‌కి, ఫ్రిజ్ పిడికి, కుట్టుమిషన్‌కి, ఆఖరికి నా కళ్లజోడు పెట్టెకి కూడా. "పెట్టెకి మళ్లీ తొడుగేమిటత్తయ్యా" అంటే, "పాడైతే మళ్లీ కొనేది నువ్వా, మీ మావయ్యా?" అని మూతి తిప్పేది. నాకు ఒళ్లు మండేది. మావయ్య మాత్రం ఏనాడూ కాదనలేదు. ఆవిడ ఏం కుట్టినా అటూ ఇటూ తిప్పి చూసి "భేష్" అనేవారు.

నది ఎగువన నీటిమట్టం చూడటం మావయ్య ఉద్యోగం. ఒడ్డున పాతిన కొలబద్ద చూసి, వాకీటాకీలో కింది ఆఫీసుకి చెప్పాలి. ఆఫీసులో ఆ కబురు అందుకునేదాన్ని నేనే. ఇంట్లో కోడలిని, వాకీటాకీలో మాత్రం "కింది ఆఫీసు"ని. పైన కరెంటు లేదు. వానాకాలం మబ్బులకి సోలార్ పలక పడకేస్తుంది. వాకీటాకీ బ్యాటరీ ముసలిదైపోయి, ఛార్జింగుకి తగిలించి ఉంచితేనే పలికేది.

అందుకని ఆఫీసువాళ్లు ఫ్యూయెల్ సెల్ ఒకటి ఇచ్చారు. టిఫిన్ డబ్బా అంత పెట్టె. అందులో మిథనాల్ పోస్తే, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోపల కరెంటు పుడుతుంది. మంట లేదు, చప్పుడు లేదు. గాలి పీల్చడానికి ఒక పక్క జాలీ ఉంటుంది, అటు కాస్త నీటి చెమ్మ వస్తుంది, అంతే. "ఈ జాలీ మూయకండి, దీని ఊపిరంతా ఇక్కడే" అని, అమర్చిన ఇంజినీరమ్మ మావయ్యకి మరీ మరీ చెప్పింది.

ఆ చెమ్మ అత్తయ్య కంట్లో పడింది. వానకి తడిసిపోతోంది కాబోలనుకుని, పాత రెయిన్‌కోటు కోసి, చుక్క నీరు దూరకుండా తొడుగు కుట్టింది. వాకీటాకీకి వెళ్లే వైరు బయటికి రావడానికి మాత్రం ఇరుకైన కన్నం వదిలింది. మావయ్య అలవాటు ప్రకారం "భేష్" అన్నారు. రోజూ పొద్దున అత్తయ్యే మిథనాల్ నింపి, తొడుగు వేసి, పెట్టెని ఆయన నడుముకి కట్టి పంపేది.

ఆ మధ్యాహ్నం కుండపోత వాన. మావయ్య గొంతు వినిపించింది. "కింది ఆఫీసు, నీళ్లు ఎర్రగీత దాటాయి. ఇంకా పెరుగుతున్నాయి. గట్టు..."

అక్కడితో తెగిపోయింది. పిలిచాను, మళ్లీ పిలిచాను. గరగర కూడా లేదు. దిగువ ఇళ్లు ఖాళీ చేయించి, మనుషుల్ని పైకి పంపించాం. ఆయన ఎక్కడున్నదీ తెలియక వెతకడంలోనే పొద్దు గూకింది. గట్టు విరిగిపడి, బండరాయి కింద కాలు ఇరుక్కుపోయి దొరికారు. మూగబోయిన వాకీటాకీ చేతిలోనే ఉంది.

"ఇంకాస్త ముందు తెచ్చుంటే కాలు దక్కేది" అన్నాడు డాక్టరు. మోకాలి కింద తీసేశారు.

ఇంజినీరమ్మ పెట్టెని పరీక్షించి, నన్ను పక్కకి పిలిచింది. పెట్టె పాడవలేదట. తొడుగులో ఉన్న కాస్త గాలీ అయిపోయాక ఆగిపోయిందట. తొడుగు తీస్తే మళ్లీ పనిచేస్తోందట. నాకు అత్తయ్య మీద కోపం రావాలి, రాలేదు. ఆవిడకి తెలిస్తే ఏమైపోతుందోనని భయం వేసింది.

మావయ్యకి తెలివొచ్చాక మొదట నన్నే పిలిచారు. "అమ్మా, మీ అత్తయ్యకి చెప్పకు. మిథనాల్ అయిపోయిందని చెప్పు."

అలాగే చెప్పాను. అత్తయ్య నా మొహంలోకి చూసింది.

"అయిపోవడమేంటే? పొద్దున నిండా పోసింది నేనేగా!"

ఆవిడ తిన్నగా మంచం దగ్గరికి నడిచింది.

"మీరు చెప్పండి."

మావయ్య ఇక దాచలేదు. "గాలి ఆడలేదే. జాలీ మూసుకుపోయింది."

"నా తొడుగుతోనా?"

"ఊఁ."

"మరి ఇన్నాళ్లూ ఎలా పనిచేసింది?"

"పైకెళ్లగానే తీసేసేవాణ్ణి. దిగేటప్పుడు మళ్లీ వేసేవాణ్ణి. మొన్న నదిని చూసి, కంగారులో గట్టు మీదికి పరిగెత్తాను. తీయడం మర్చిపోయాను."

అత్తయ్య బావురుమంటుందనుకున్నాను. ఏడవలేదు. ఆవిడకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"వద్దు అని ఒక్క మాట అనడానికి మీకేం పోయింది?"

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు పడటం లేదా?" అంది అత్తయ్య.