కారకూడని చీజ్

ఏది కారినా ఆ ప్లంబరు సహించలేడు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా, చేతులు కడుక్కునే నెపంతో లోపలికి వెళ్లి కుళాయి బిగించి గాని కూర్చోడు. నూనె వంటలు మానమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ అతని అక్కకు ముద్ద దిగడం లేదు. ఆమె కోసమని ఆదివారాలు బ్రెడ్ పొడి అద్దిన చీజ్ కడ్డీలు ఓవెన్లో కాలుస్తున్నాడు. పోయిన వారం పైపూత పగిలి చీజ్ సగం ట్రే మీదికి కారిపోయింది. "ఊరందరి కుళాయిలూ ఆపుతారు, వేలెడు కడ్డీని ఆపలేకపోయారా?" అంది భార్య. ఆ మాట వారమంతా చెవిలో జోరీగై తిరిగింది.

ఈసారి కడ్డీలను ఫ్రీజర్లో రాయిలా గట్టిపరిచాడు. గుడ్డుసొన, బ్రెడ్ పొడి, మళ్లీ సొన, మళ్లీ పొడి పట్టించి, పైపు అతుకు చూసినట్టు ప్రతి కొసనూ బొటనవేలితో తడిమాడు. ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని కాపలా కాశాడు. ఒక్క చుక్క కారలేదు. అక్క ఒకటి తిని బాగుందంది. రెండోది తీసుకోకుండా ట్రే అంచులు వెతికింది.

"పోయినసారి అడుగున కరకరలాడే పెచ్చులు వచ్చాయి కదరా, అవేవి? వాటికోసమే కడుపు ఖాళీగా ఉంచుకుని వచ్చాను."

"మీ తమ్ముడు రిపేరు చేసేశారు వదినా," అంది భార్య.

అతను వంటింట్లోకి వెళ్లాడు. ఓవెన్లోకి పోవలసిన రెండో ట్రే ముందు నిలబడి, ఒక్కో కడ్డీకీ టూత్‌పిక్‌తో బెజ్జం పెట్టాడు. పొడిచేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.