మూత విప్పమన్న మనిషి

మొన్న పొద్దున్న మా వీధి చివరి ఐసు ఫ్యాక్టరీలో ఏదో గొట్టం వదులై అమోనియా బయటికి వచ్చింది. విశాఖ రేవులో చేపల పడవలకు ఐసు సరఫరా చేసే పాత ఫ్యాక్టరీ అది. జనం కొంగులూ తువ్వాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుని ఇళ్లల్లోకి పరుగెత్తారు. నేను మాత్రం మా ఇంటి గేటు దగ్గరే నిలబడిపోయాను. కళ్లు మండి నీళ్లు కారుతున్నా కదలలేదు. "మీకు మతి గాని పోయిందా?" అని మా ఆవిడ లోపలినుంచి కేకేసింది. ఆ ఘాటు నాకు కొత్త కాదు. ఎనభైల మొదట్లో ఒరిస్సాలోని కోరాపుట్ కొండల మీద ఒక ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసేటప్పుడు రోజూ పీల్చినదే. మా సెక్షన్లో పటాలకు నకళ్లు తీసే యంత్రం అమోనియాతో నడిచేది. దాని ముందు నిలబడి, వేడి ఆరని నీలిగీతల కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసే మనిషి పైడిరాజు గారు. ఆయన గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఆయన గురించి రాయాలంటే నా గురించీ రాయాలి. అందుకే ప్రతిసారీ లేచిపోయాను.

పైడిరాజు గారిది బొబ్బిలి పక్క పల్లె. మా ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌కి ఫోర్‌మన్. కొలిమి వేడిని కొలిచే మీటర్లు, ఒత్తిడి చూపే గేజీలు, వాటిని నడిపే కరెంటు పెట్టెలు బాగుచెయ్యడం మా పని. అప్పట్లో ఏ సెక్షన్లోనైనా పని తెలిసిన పాతవాళ్లు దాన్ని గుప్పిట్లో పెట్టుకునేవాళ్లు. కొత్తవాడు దగ్గరికొస్తే వీపు అడ్డం పెట్టి స్క్రూ తిప్పేవాళ్లు. మా దగ్గర పద్ధతి వేరు. ఏ పరికరం విప్పినా, తిరిగి మూత పెట్టేలోగా లోపలి తీగల దారి అంతా కాగితం మీద గియ్యాలి. నకళ్లు తీసి, గోడకు కట్టిన తీగకు బట్టలారేసినట్టు తగిలించాలి. కావలసినవాడు వచ్చి ఒకటి పట్టుకుపోవచ్చు. స్టోర్స్ గుమాస్తా సింహాచలానికి ఇది మింగుడు పడేది కాదు. "ఊరికినే ఎవుడైనా ఇత్తాడేటి సూరీ? ఏదో ఉంది. నువ్వు సిన్నోడివి, నీకు తెల్దు" అనేవాడు. నేను నవ్వేసేవాణ్ని కానీ, ఆ మాట నాలో ఒక మూల కూర్చుంది.

నిజానికి అనుమానంలో పైడిరాజు గారి ముందు సింహాచలం ఎందుకూ కొరగాడు. సీలు వేసి ఉన్న వస్తువు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదు. అల్లుడు ముచ్చటపడి తెచ్చిన ఎలక్ట్రానిక్ గడియారాన్ని ఆ సాయంత్రమే విప్పేసి, మళ్లీ బిగించలేక, అగ్గిపెట్టెలో పోసి అల్లుడికి తిరిగిచ్చారు. "టైము తెలీకపోతే పోనీ. అది ఎలగ తిరుగుతోందో తెలీకండా సేతికి కట్టుకోమంటే ఎలగ?" అన్నారు. ఆ అల్లుడు ఏడాది దాకా ఆ గుమ్మం తొక్కలేదట.

మా కర్మాగారానికి బొంబాయి కంపెనీ ఒకటి కొత్త కొలిమి అమ్మింది. ఉక్కు భాగాలను ఎంతసేపు, ఎంత వేడిలో ఉంచాలో అదే చూసుకుంటుంది. పక్కనున్న ఆకుపచ్చ పెట్టెలో చిన్న కంప్యూటరు. పెట్టె మూతకు లక్క సీలు. లోపల చిప్పుల మీది నంబర్లు గీకేసి ఉంటాయనీ, బోర్డు మీద నల్లటి జిగురు పోసి ఉంటుందనీ మాకు తరవాత తెలిసింది. కొన్ని నెలలు చక్కగా పనిచేసి ఒకరోజు ఆగిపోయింది. ఎక్కడా లోపం కనిపించలేదు. బొంబాయి నుంచి ఇంజనీరు వచ్చి, అందర్నీ బయటికి పొమ్మని, తలుపేసుకుని, పది నిమిషాల్లో బయటికొచ్చాడు. కొలిమి వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పైడిరాజు గారు నన్ను పక్కకు లాగి, "ఒరే, ఆడి సేతులు సూసేవా?" అన్నారు.

"ఏం, గురువు గారూ?"

"ఇంత మసి కూడా అంటలేదు. బాగు సేసిన సేతులు అలగుంటాయేటిరా? ఆడు బాగు సెయ్యలేదు. ఆపిందీ ఆడే, నడిపిందీ ఆడే."

ఆ తరవాత ఆదివారాలు మధ్యాహ్నం పూట మేమిద్దరం షాపుకు వెళ్లేవాళ్లం. కొలిమికి ఆరోజు సెలవు. ఆయన లక్క సీలు విరగకుండా వేడిచేసి లేపి, జిగురు గీకి, ప్రోగ్రాం దాచిన చిప్పు ఊడదీసి, తాను కట్టుకున్న చెక్కబల్ల మీద గుచ్చేవారు. బల్ల మీద ఎనిమిది చిన్న దీపాలు. ఏవి వెలిగాయో ఏవి ఆరాయో చూసి ఆయన అంకె చెబితే నేను పుస్తకంలో రాయాలి. ఒక అంకె, ఇంకో అంకె, అలా రెండువేల పైచిలుకు. రాస్తూ రాస్తూ నాకు విసుగొచ్చేది. వాటి అర్థం నేర్పుతాను కూర్చోమంటే, బజారు పని ఉందని తప్పించుకునేవాణ్ని. ఆయన ఒక్కరే నెలల తరబడి ఆ పుస్తకం మీద వంగి కూర్చుని, ఒకరోజు పెన్సిలుతో ఓ చోట గుండ్రంగా చుట్టి చూపించారు. కొలిమి నడిచిన గంటలు లెక్కపెట్టి, ఒక సంఖ్యకు చేరగానే దాన్ని ఆపెయ్యమని అక్కడ రాసి ఉందట. మళ్లీ నడవాలంటే కంపెనీవాడు వచ్చి రహస్య సంఖ్య నొక్కాలి. ఆ సంఖ్య కూడా ఆ అంకెల్లోనే దొరికిందట.

"వాళ్లు కష్టపడి తయారుచేసినది కదా గురువు గారూ, మనం ఇలా రాసుకోవచ్చా?" అని అడిగాను.

"కష్టానికి డబ్బు పుచ్చుకున్నాడు. తప్పులేదు. ఇనుము మనకి అమ్మేడు, బుర్ర మాత్రం ఆడి దగ్గరే ఉంచుకున్నాడు. అదీ తప్పు. నా కొడవలి నీకిచ్చేస్తే నాకు కొడవలుండదు. ఈ అంకెలు నువ్వు రాసుకున్నావు, నాకేటి తగ్గింది?"

కొట్‌పాడ్ సంతలో ఒకసారి ఈ సంగతే ఇంకోలా చెప్పారు. అక్కడి నేతగాళ్లు చెట్టు వేళ్లతో నూలుకు ఎర్రరంగు అద్దుతారు. ఆ రంగు ఎలా వస్తుందని అక్కడివాళ్లు మాట్లాడే దేశియా భాషలో వచ్చీరాని మాటలతో ఒక ముసలమ్మను అడిగారు. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఈయన కూడా నవ్వి ఒక తువ్వాలు కొన్నారు. దారిలో నేను ఎగతాళి చేశాను, "ఆవిడ దాస్తే తప్పు లేదు, కంపెనీ దాస్తే తప్పా?" అని. ఆయన నడక ఆపారు. "ఆవిడకి తెలిసింది ఆవిడ సెప్పలేదు, అది ఆవిడిష్టం. కానీ ఈ తువ్వాలు ఇప్పి సూడొద్దని, దారం లాగి సూడొద్దని అందేటి? ఏడాదికోసారి నా దగ్గరికొచ్చి రంగు ఏయించుకోకపోతే చిరిగిపోద్దని ఏమైనా నేసిందేటి?"

కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్ వాళ్లు గేటు దగ్గర మీటింగులు పెట్టే రోజులవి. ఒక మీటింగులో ఈయన లేచి, "కంప్యూటరు వద్దనకండి బాబూ. తలుపు మూసేసిన కంప్యూటరు వద్దనండి" అన్నారు. యూనియన్ వాళ్లకు ఆయన మేనేజిమెంటు మనిషిలా కనిపించారు. మేనేజిమెంటుకు యూనియన్ మనిషిలా కనిపించారు. గంటల లెక్క సంగతి వివరంగా రాసి పైకి పంపారు. జవాబు రాలేదు. దానికి బదులు ఒక కాగితం వచ్చింది. ఆకుపచ్చ పెట్టె విప్పబోమనీ, అందులోది నకలు తీయబోమనీ, ఎవరైనా తీసినట్టు తెలిస్తే అధికారులకు చెబుతామనీ సెక్షన్లో అందరూ సంతకం పెట్టాలి. కంపెనీ అడిగిందట, మనవాళ్లు ఒప్పుకున్నారట. పైడిరాజు గారు చదివి పక్కన పెట్టారు. "దొంగతనం సెయ్యనని అడిగితే సంతకం పెడతాను. సూడనని పెట్టను." మా వైపు తిరిగి, "మీ ఇష్టం మీది. నన్ను సూసి ఆగొద్దు" అన్నారు.

నేను పెట్టేశాను. కొత్తగా పెళ్లయింది. ఒంటిగది అద్దె ఇంట్లో ఉంటూ కాలనీలో క్వార్టరు కోసం దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను. ఆ ముందు ఆదివారాల రాతంతా నా చేతిరాతే అన్న భయం కూడా ఉంది.

కొద్ది రోజులకు మా అత్తవారింటికి బయల్దేరి, బస్సులో రాయగడ దిగి, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. దూరంగా బెంచీ మీద పైడిరాజు గారు. పక్కన నల్లకళ్లద్దాలు, తోలు సంచీ ఉన్న పరాయి మనిషి. ఈయన సంచీలోంచి కాగితాల కట్ట తీసి ఇచ్చారు. నీలిగీతల కాగితాలు. ఆ మనిషి బరువైన పేపరు పొట్లం ఒకటి ఆయన చేతిలో పెట్టి, రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. సింహాచలం మాట అప్పుడు లేచి నిలబడింది. ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చినదంతా దీనికోసమన్నమాట, అనుకున్నాను. నాలుగడుగులు వేసి "ఇక్కడున్నారేంటి గురువు గారూ" అంటే సరిపోయేది. ఆ నాలుగడుగులు వెయ్యలేదు.

వారం తిరక్కుండా ఆఫీసులో పిలిచారు. పెట్టెలోని అంకెలు బయటికి పోతున్నాయని కంపెనీకి అనుమానం వచ్చిందట. అధికారి టీ తెప్పించాడు. "మీరు సంతకం పెట్టిన మనిషి. మీకు తెలిసింది చెప్పండి" అన్నాడు. అంకెల పుస్తకం ఏ సొరుగులో ఉంటుందో చెప్పాను. రాయగడలో చూసింది చెప్పాను. రాసిన చెయ్యి నాదని చెప్పలేదు.

పుస్తకం పట్టుకుపోయారు. విచారణలో పైడిరాజు గారు "రాసింది నేనే" అన్నారు. చేతిరాత ఆయనది కాదని ఎవరూ పోల్చలేదు, నాదని ఆయన చెప్పలేదు. అందులో ఏముందో కూడా చదవమని బతిమాలారట. ఎవరూ చదవలేదు. ఉద్యోగం తీసేసేలోగా రాజీనామా ఇచ్చి, కుటుంబంతో రాయగడ వెళ్లిపోయి రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. కాలనీలో మాత్రం కథ పెరిగింది. ప్రభుత్వ కర్మాగారం రహస్యాలు అమ్ముకున్నాడన్నారు. దేశద్రోహి అన్నారు. క్యాంటీన్‌లో ఆ మాట వినపడినప్పుడల్లా నేను పళ్లెంలోకి చూసుకుంటూ తినేవాణ్ని. మర్నెల నాకు క్వార్టరు వచ్చింది. వరసలో వచ్చిందో, బహుమానంగా వచ్చిందో నేను అడగలేదు.

మూడు నెలల తరవాత గేటు దగ్గర ఎవరో తెలుగు మనిషి పైడిరాజు గారి కోసం అడుగుతున్నాడంటే వెళ్లాను. నల్లకళ్లద్దాలు. విజయనగరం అవతల ఇనుము పోతపోసే చిన్న ఫౌండ్రీ నడుపుతున్నాడట. ఆయన దగ్గరా అదే కొలిమి, అదే ఆకుపచ్చ పెట్టె. కంపెనీవాడు రాక వారాల తరబడి ఆగిపోతే, కూలీలను ఇళ్లకు పంపేశాడట. "ఈయన కాయితాలిచ్చి, ఏ సంఖ్య నొక్కాలో సెప్పేరు బాబూ. పైసా ముట్టుకోలేదు. అప్పుడు కళ్ల ఆపరేసనయింది గానీ నేకపోతే ఆరిని రాయగడ దాకా రప్పించకండా నానే కొండెక్కి వద్దును" అని చేతిలోని పొట్లం నాకిచ్చాడు. "ఇది ఆరికిచ్చీ. ఆమద్దెన రాయగడ టేసన్లో కూడా ఇదే అట్టుకెల్లి ఇచ్చేను. ఆరికి ఇష్టం." పేపరు నూనె మరకల్లోంచి వాసన తెలుస్తోంది. మామిడితాండ్ర.

ఆ ఆదివారం రాయగడ వెళ్లాను. రైల్వే గేటు దగ్గర చిన్న రేకుల కొట్టు. ఆయన రేడియో వెనక మూత విప్పి, సోల్డరు పొగ ఊదుకుంటున్నారు. బల్ల మీద పొట్లం పెట్టి, నిలబడే అన్నీ చెప్పేశాను. సంతకం, స్తంభం, టీ, సొరుగు. ఆయన సోల్డరు పక్కన పెట్టలేదు. అతికించాల్సిన తీగ అతికించాకే తలెత్తారు.

"నువ్వేనని నాకు తెలుసురా. సొరుగు సంగతి నీకు తప్ప ఎవుడికీ తెల్దు."

"అనుమానపడ్డాను గురువు గారూ."

"అనుమానపడ్డం తప్పు కాదు. అది నేర్పింది నానే. మరి, అనుమానమొస్తే ఏటి సెయ్యమన్నాను? ఇప్పి సూడమన్నాను. పెట్టెని ఇప్పి సూత్తాం, మనిసిని అడుగుతాం. నువ్వు నన్ను అడిగేవా?"

నేను కాళ్ల మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నాకు సెప్పీసి బరువు దించీసుకుంటే సాలదు. నా కొడుకుని బళ్లో దొంగ కొడుకన్నారు. ఆ కాలనీలో సెప్పు. సెప్పేక రా, టీ తాగుదాం."

చెప్పలేదు. ఉద్యోగం పోతుందనుకున్నాను. తరవాత, పాత సంగతి ఎందుకనుకున్నాను. ఆ తరవాత ఏమీ అనుకోవడం మానేశాను. కొలిమి ఆగినప్పుడల్లా బొంబాయి ఇంజనీరు వచ్చేవాడు. తలుపు బయట ఆయన సంచీ పట్టుకుని నిలబడేది నేనే. రాయగడ స్టేషన్లో దిగినప్పుడు రైల్వే గేటు వైపు కాకుండా చుట్టూ తిరిగి బస్టాండుకు వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఆయన పోయారని ఎవరో చెబితేనే తెలిసింది. అప్పటికి నా ఉద్యోగం ఇంకో రెండేళ్లు ఉంది. అప్పుడూ చెప్పలేదు.

నా పదవీ విరమణ రోజున క్యాంటీన్ హాల్లో దండ వేసి, నన్ను నిజాయితీపరుడని పొగిడారు. నేను మైకు తీసుకుని, పైడిరాజు గారు ఏదీ అమ్ముకోలేదనీ, ఊరికే ఇచ్చారనీ, పుస్తకం రాసిన చెయ్యీ, పట్టించిన నోరూ నావేననీ చెప్పాను. కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పేరే వాళ్లకు తెలియదు. సింహాచలం ఏనాడో రిటైరయి, నాకోసం కర్ర పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. లేచి నా దగ్గరికొచ్చాడు. "ఇప్పుడా సెప్తావు?" అన్నాడు. "నా నోటితో ఎంతమందికి సెప్పేనురా ఆడు దొంగని. ఆలందరి దగ్గరికీ ఇప్పుడెలగ ఎల్తాను?" మిఠాయి పళ్లెం కుర్చీలో పెట్టేసి వెళ్లిపోయాడు.

నేనూ వాళ్లందరి దగ్గరికీ వెళ్లలేను. సగం మంది లేరు, మిగిలినవాళ్లు ఎక్కడెక్కడున్నారో తెలియదు. అందుకని ఇలా రాస్తున్నాను. ఆ కాలనీలో ఆరోజుల్లో ఉండి, పైడిరాజు గారి గురించి ఆ మాట విన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆ మాట అబద్ధం. అది నా దగ్గర పుట్టింది. రాయగడలో ఆయన తాగుదామన్న టీ నేను తాగలేదు. తాగే హక్కు ఇప్పటికీ రాలేదు.