గోడవైపు చూసే కుర్చీ

ఒక సిమెంటు కుర్చీని కాస్త పక్కకు తిప్పబోయి నా పరువును పూర్తిగా తలకిందులు చేసుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నేనూ నవ్వాను, కాకపోతే అందరికంటే కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టాను.

అప్పట్లో శంషాబాద్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. పని గగన్‌పహాడ్ దగ్గర ఒక గోదాములో. ఎవరెవరో కొనుక్కున్న వస్తువులను అట్టపెట్టెల్లో పెట్టి టేపు వేయడం. గదిలో నలుగురం ఉంటామని ఇంటి యజమాని నమ్మకం. నాకు మాత్రం రుజువు దొరకలేదు. నలుగురివీ వేర్వేరు షిఫ్టులు కావడంతో, గుమ్మం ముందు చెప్పులు మారడాన్ని బట్టి మిగతావాళ్ళు బతికే ఉన్నారని తెలుసుకునేవాణ్ణి. వాళ్ళలో ఒకడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఎడమ చెప్పుకు పిన్నీసు ఉండేది, అది గుర్తుంది. సాయంత్రం మేడ మీద నిలబడి తల మీదుగా దిగే విమానాలను చూస్తూ, పోనీలే, ఎవరో ఎవరి దగ్గరికో చేరుతున్నారు అని సంతోషించేవాణ్ణి. ఇతర రకాల సంతోషం ఆ రోజుల్లో స్టాకు లేదు.

సరిగ్గా అప్పుడే మా వీధి చివర కొత్త పార్కు తెరిచారు.

పార్కంటే మీరేవేవో ఊహించుకోకండి. నీడనిచ్చే చెట్లు ఇంకా స్వెటర్ అల్లే సూదులంత ఉన్నాయి. మధ్యలో ఆకాశంలోకి ఎగరబోతున్న స్టీలు పక్షి ఒకటి ఉంది. అది పక్షి అని బోర్డు మీద రాశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పెళ్ళి వంటలవాళ్ళు మరిచిపోయిన బూందీ గరిటె అనుకుని ఎవరైనా తీసుకుపోయేవారు. అసలు విడ్డూరం కుర్చీలు. అన్నీ సిమెంటువి, అన్నీ ఒక్కరు పట్టేవి, నేలలోకి పాతేసినవి. ఒకటి ఉత్తరం గోడ వైపు, ఒకటి దక్షిణం గోడ వైపు, ఇంకొకటి ట్రాన్స్‌ఫార్మర్ వైపు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇక్కడ ఊరు లేదు, అన్నీ ఉలిపికట్టెలే. గేటు దగ్గర మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది: ‘మీలోకి మీరు ప్రయాణించండి’.

మొదటిరోజు నేను డ్యూటీ నుంచి నేరుగా పార్కుకు వెళ్ళాను, మెడలో గోదాము ట్యాగుతో సహా. శంషాబాద్ సంగతి తెలిసినవాళ్ళు దీన్ని తప్పు పట్టరు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ట్యాగు నగతో సమానం. డ్యూటీ దిగినా ఎవరూ తీయరు. ట్యాగు ఉంటే ఆటోవాడు ‘సార్’ అంటాడు, చాయ్ ముందే వస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు గానీ, ట్యాగుంటే అడక్కుండానే పెడతారు. పైగా ఆ కార్డుకు ఒక మంచి గుణం ఉంది. పేరూ హోదా ఉన్న వైపు ఎప్పుడూ పొట్టకే అతుక్కుని ఉంటుంది. లోకానికి కనిపించేది ఖాళీ వైపే.

నేను ఒక కుర్చీ ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇందులో ఎటు తిరిగి కూర్చుంటే మనుషులు కనిపిస్తారో అని ఒక చుట్టు తిరిగాను. చూసేవాళ్ళకు తనిఖీలా ఉంది కాబోలు.

“ఏంది సారూ, కుర్సీలు గిట్ల పెట్టిపిచ్చినవ్?”

వెనక్కి తిరిగాను. అరవై దాటిన పెద్దావిడ, నడుంలో చెంగు దోపుకుని, చేను గట్టు మీద నిలబడి కూలీలను అదిలించే ధోరణిలో ఉంది. పేరు సత్తెమ్మ. పక్క ఊరి రైతు కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక ఇక్కడ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు.

“మీలోకి మీరు పోవాలని రాసిన్రు గద. నాలోకి నేను పోయి ఏం జెయ్యాలె? ఆడ మోకాళ్ళ నొప్పులు దప్ప ఏం లెవ్వు.”

నేను ఆ సారును కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటిని అలాగే ఉంచి కొంచెం ఆలోచించాను. నిజం చెబితే ఆమె వెళ్ళిపోతుంది. ఆ వారంలో ఎవరైనా నాతో పనిగట్టుకుని మాట్లాడటం అదే మొదలు. ఏటీఎం ‘దయచేసి వేచి ఉండండి’ అంది కానీ, దాన్ని సంభాషణ అనలేం.

“చూద్దాం అమ్మా,” అన్నాను.

పాఠకులు గమనించాలి. ఆఫీసరు కావడానికి పరీక్షలు రాయనక్కర్లేదు. మెడలో ట్యాగు, నోట్లో ‘చూద్దాం’ ఉంటే చాలు.

మర్నాడు నేను వెళ్ళేసరికి సత్తెమ్మ తన ఈడు నేస్తం ఎల్లమ్మను వెంటబెట్టుకుని సిద్ధంగా ఉంది. ఇద్దరివీ ఒకప్పుడు పక్కపక్క చేలు. గట్టు మీద కూర్చుని ముప్పొద్దులా మాట్లాడుకున్నవాళ్ళు. ఇప్పుడు ఇళ్ళు చెరో కాలనీలో, కలిసేది ఈ పార్కులో. సత్తెమ్మ కుర్చీ గోడ వైపు, ఎల్లమ్మది సత్తెమ్మ వీపు వైపు.

“కోడలు ముచ్చట చెప్పుకుందామంటె ఒర్రాలె సారూ,” అంది సత్తెమ్మ. “మొన్న నేను ఒర్రుతుంటె గేటు దాంక ఇనవడ్డది. గేటు కాడ ఎవలున్నరు అనుకున్నవ్?”

“ఎవరు?”

“మా కోడలే.”

క్యాబు నడిపే మల్లేశన్న ఆ మాట విని మా దగ్గరికి వచ్చాడు. ఎయిర్‌పోర్టు పిలుపు వచ్చేదాకా ఆయన కాలక్షేపం పార్కులోనే.

“నా సంగతి ఇను సారూ. బాట చూడు, జిలేబీ లెక్క తిప్పిన్రు. కస్టమర్ ఫోన్ జేసి ఏడున్నవంటె, పార్కులున్న, బయటికి రానీకి పావుగంట పడ్తది అని చెప్పిన. బుకింగ్ క్యాన్సిల్ జేసిండు.”

ఇక అక్కడి నుంచి ఫిర్యాదులకు బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాటే. ఒకరు పక్షి దగ్గర మొదలుపెడితే ఇంకొకరు నల్లా దాకా పెంచారు, మరొకరు ఏకంగా పార్కు తీసేసి బస్టాపు కట్టమన్నారు. నేను గంభీరంగా తల ఊపుతూ విన్నాను. మధ్యలో విమానం దిగితే అందరూ మాట ఆపేస్తారు, శబ్దం పోగానే ఆగిన అక్షరం దగ్గరే మళ్ళీ అందుకుంటారు. ఆ విద్య నాకూ పట్టుబడింది. ఆ రాత్రి గదికి వెళ్ళాక కూడా చెవుల్లో మనుషుల గొంతులున్నాయి. చెప్పుల జతలను లెక్కపెట్టడం మరిచిపోయి పడుకున్నాను.

అలా ప్రతి సాయంత్రం నా దర్బారు సాగింది. సత్తెమ్మది మాత్రం ఒకటే కోరిక.

“ఈ ఒక్క కుర్సీని ఎల్లవ్వ దిక్కు మలపరాదు సారూ. మొకం చూసి మాట్లాడక ఎన్నొద్దులాయె.”

“చూద్దాం అమ్మా.”

“ఎప్పుడు చూస్తవ్?”

“ఆదివారం,” అన్నాను. ఆ రోజు సోమవారం. నాకు ఆదివారాలు ఎప్పుడూ చాలా దూరంగా, చాలా పొడుగ్గా ఉంటాయి. అంత దూరంలో ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు?

ఆదివారం రానే వచ్చింది. పార్కుకు వెళ్ళకూడదని నిశ్చయించుకుని గదిలో పడుకున్నాను. గుమ్మం ముందు నా చెప్పులు తప్ప వేరే చెప్పులు లేవు. గోడను చూశాను. పై కప్పును చూశాను. నాలోకి నేను కొంత దూరం ప్రయాణించాను కూడా, అక్కడ దిగి చూడదగ్గ స్టేషనేదీ రాలేదు. దూరం నుంచి ఒకసారి చూసి వద్దామని బయలుదేరాను. అలవాటు కొద్దీ ట్యాగు వేసుకునే వెళ్ళాను, అది వేరే చెప్పాలా?

“సారొచ్చిండు,” అన్నాడు గేటు దగ్గరే మల్లేశన్న. ఆయన చేతిలో గడ్డపార ఉంది. కుర్చీ ముందు పసుపూ కుంకుమా ఉన్నాయి. సత్తెమ్మ టిఫిను డబ్బాలో మక్కగారెలు తెచ్చింది.

“మనుషులు ఏరి సారూ?” అన్నాడు మల్లేశన్న.

“అదే... రావాలె.”

“వాళ్ళు రారు, నాకెర్కే. మీరు మాటిచ్చిన్రు గద, అదే పర్మిషన్. మనమే మలుపుదం. కొబ్బరికాయ కొట్టున్రి.”

కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకని ఆ కుర్చీ ఎంత మొత్తుకుందో తెలియదు గానీ, కొబ్బరికాయ మాత్రం మొదటి దెబ్బకు పగలలేదు. అప్పుడైనా నాకు అర్థమై ఉండాల్సింది. రెండో దెబ్బకు పగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరినైనా పిలిచి ఫోటో తీయించుకునేంత గర్వం కలిగింది నాకు. మల్లేశన్న తవ్వాడు. నలుగురు పట్టుకుని కుర్చీని ఊపారు. అది సగం తిరిగి, పక్కకు వాలి, తాగినవాడిలా నిలబడ్డప్పుడు స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. టీషర్టు, హవాయి చెప్పులు.

“ఏం జరుగుతోందండీ ఇక్కడ?”

“జర పక్కకు జరుగన్నా,” అన్నాడు మల్లేశన్న. “పని నడుస్తున్నది. సారున్నరు.”

“ఏ సారండీ?”

“పార్కు సారు.”

“పార్కు ఇంజినీర్ని నేనేనండీ.”

మల్లేశన్న ఆయన మెడ వైపు చూశాడు. “ట్యాగేది?”

“ఇంట్లో ఉందండీ, ఇవాళ ఆదివారం కదా.”

“మా సారు ఐతారం గూడ ఏసుకొస్తడు. డ్యూటీ అంటె గట్లుండాలె.”

ఇంజినీరు ఎర్రబడ్డాడు. “దీన్ని తవ్వడానికి మీకెవరండీ పర్మిషన్ ఇచ్చింది?”

అప్పుడే విమానం దిగింది. అలవాటు ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. అందరి వేళ్ళూ మాత్రం నా వైపు లేచాయి. అంత పెద్ద విమానం, అంత తీరిగ్గా దిగడం నేనెప్పుడూ చూడలేదు.

శబ్దం తగ్గాక ఇంజినీరు నా దగ్గరికి వచ్చి, కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని ఇటు తిప్పాడు.

“ప్యాకింగ్ హెల్పర్,” అని చదివాడు.

“అంటె ఏంది?” అంది సత్తెమ్మ.

“డబ్బాలకు టేపు ఏస్త అమ్మా.”

ఆమె కార్డునూ నన్నూ మార్చి మార్చి చూసింది. “మరి మా బాధలన్ని దినాం ఎందుకు ఇన్నవ్?”

నా దగ్గర సందర్భానికొక హాస్యం ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఆ రోజు లోపల వెతికితే ఒక్కటీ దొరకలేదు.

“ఊకెనే. నాతోని ఎవరు మాట్లాడరమ్మా.”

ఇంకో విమానం వస్తే బాగుండనిపించింది. కావలసినప్పుడు రావు.

సత్తెమ్మ దీర్ఘంగా నిట్టూర్చింది. “గీ మాట మొదలే చెప్తె అయిపోవు గద బిడ్డా. ఆఫీసరువని జంకి సగం తిట్లు కడుపుల్నే పెట్టుకుంటి.” అని చెంగు మళ్ళీ దోపుకుని ఇంజినీరు వైపు తిరిగింది. “అయితె అసలు సారువు నువ్వా? గిట్ల రా నాయినా, కూసో.”

కూర్చోవడానికి దగ్గర్లో ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసే కుర్చీ. పాపం, ఆయన ట్రాన్స్‌ఫార్మర్‌ను చూస్తూనే అంతా విన్నాడు. నా కోసం దాచిన తిట్లన్నీ వడ్డీతో సహా ఆయనకే ముట్టాయి. చివరికి లేచి, “తిప్పింది తిప్పారు, ఉండనివ్వండి. సిమెంటు మాత్రం ఈ టేపు సారే వేయాలి,” అని తీర్పు చెప్పి, రెండు మక్కగారెలు తిని వెళ్ళాడు.

వేశాను. సిమెంటు పని టేపు పని కాదని ఆ సాయంత్రం తెలిసింది. కుర్చీ ఎల్లమ్మ వైపే తిరిగింది గానీ, ఒక పక్కకు ఒరిగింది. అందులో కూర్చుంటే మూలమలుపు తిరుగుతున్న బస్సులో ఉన్నట్టే ఉంటుంది.

మర్నాడు ట్యాగు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళాను. జిలేబీ బాట వెంట నడిచాను, ఎవరూ ‘సారూ’ అనలేదు. మల్లేశన్న ఒకసారి చేయెత్తాడు, అంతలో ఆయనకు బుకింగ్ వచ్చింది. సత్తెమ్మ, ఎల్లమ్మ ఎదురెదురుగా కూర్చుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వంగి మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు అరవాల్సిన పని లేదు. గేటు దాకా కాదు, నాలుగడుగుల్లో ఉన్న నాకే ఒక్క ముక్కా వినిపించలేదు. నేను జీవితంలో సరిగ్గా చేసిన ఒకే ఒక ప్రభుత్వ పని అది. అది పూర్తయ్యాక పార్కులో నాకు పని లేకుండా పోయింది.

వెళ్ళిపోబోతుంటే సత్తెమ్మ తలెత్తింది.

“ఓ ప్యాకింగూ, గారెలు మిగిలినయ్. తిని పో.”

తిన్నాను. నిలబడే తిన్నాను, అక్కడ మూడో కుర్చీ లేదు కదా. వాళ్ళు మళ్ళీ ముచ్చట్లో పడ్డారు. ఆ తర్వాత వెళ్ళి గోడవైపు చూసే కుర్చీలో కూర్చుని, సకల దేవతల సాక్షిగా, ఆ బూందీ గరిటె పక్షి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట మెడలో ట్యాగుతో ఏ పార్కులోనూ అడుగుపెట్టను. ఎవరు ఏది అడిగినా ‘చూద్దాం’ అనను. నన్ను నమ్మి ఎవరైనా కొబ్బరికాయ ఇస్తే ముట్టను. ఈ వ్రతానికి భంగం కలిగితే, బతికినన్నాళ్ళూ ఒంటరి కుర్చీలో గోడను చూస్తూ కూర్చునే శిక్ష నాకు వేయండి.

నాకేం భయం లేదు, అది అలవాటే.